మెత్ మత్తు ఒంటికి ఏం చేస్తుంది?

(సంఘం యువజన సమావేశంలో గురజాల గిరిజన సంక్షేమ హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

  ముందు వరసలో కూర్చున్న మా హాస్టల్ పిల్లలూ, వెనకాల గోడకానుకుని నిలబడ్డ కాలేజీ పిల్లలూ, నేను మాట్లాడేది ముఖ్యంగా మీతోనే.

నాకిచ్చిన అంశం 'మాదకద్రవ్యాలు – యువత'. ఈ పేరుతో మీరు ఇప్పటికే నాలుగైదు ఉపన్యాసాలు విని ఉంటారు. ర్యాలీలో ప్లకార్డులు పట్టుకుని ఉంటారు, చెయ్యి ముందుకు చాపి ప్రతిజ్ఞ చేసి ఉంటారు, ఫొటో అయ్యాక బిస్కెట్ పొట్లం తీసుకుని ఇంటికెళ్ళి ఉంటారు. అందులో తప్పేం లేదు. కానీ ఆ మందు ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో అక్కడ ఎవరూ చెప్పరు. నేను డాక్టర్ని కాను. బీఈడీలో జీవశాస్త్రం చదివి, కొన్నేళ్ళు పాఠం చెప్పి, తర్వాత హాస్టల్‌కి వచ్చినదాన్ని. పిల్లల ఒంటి మీద దద్దురు లేచినా, గజ్జి వచ్చినా ముందు చూసేది నేనే. అందుకని ఒక్క మందు తీసుకుని, అది చర్మానికీ ఒంటికీ చేసేదేమిటో చెబుతాను. ఆ మందు పేరు మెథాంఫెటమైన్. పొడుగు పేరు కాబట్టి మెత్ అంటారు. బయట 'ఐస్', 'క్రిస్టల్' అంటారు. పటికబెల్లం ముక్కలా, పగిలిన గాజులా ఉంటుంది కాబట్టి ఆ పేర్లు. ఎండీ, ఎండీఎంఏ, మ్యావ్ మ్యావ్ అని మీరు వినే మాటలు దీని దాయాదులవి. అన్నీ ఒకటి కావు గానీ గుంపు ఒకటే.

'మన తండాల్లో అదెక్కడుంది మేడం, మాకు తెలిసింది సారా, గుట్కా, గంజాయి' అని మీలో ఒకరు పొద్దున్నే అడిగారు. నిజమే. ఈ రోజు మన గడప దగ్గర ఉన్నది అవే. వాటి గురించి చెప్పడానికి వేరే వక్తలున్నారు. కానీ ఇంటర్ అయ్యాక మీరు ఈ గడపలో ఉండరు కదా. హైదరాబాద్ వెళ్తారు, బెంగళూరు వెళ్తారు. క్యాటరింగ్‌కి, గోదాముల్లో ప్యాకింగ్‌కి, డెలివరీకి, కోచింగ్‌కి. నలుగురు ఒక గదిలో ఉంటారు. అక్కడ ఆ సరుకు ఉంది. 2023 మే నెలలో కేరళ తీరం దగ్గర నేవీ, ఎన్‌సీబీ వాళ్ళు కలిసి ఒక ఓడలో పట్టుకున్న మెత్ రెండున్నర వేల కిలోలు. 2024 నవంబరులో అండమాన్ దగ్గర మయన్మార్ పడవలో కోస్ట్ గార్డ్ పట్టుకున్నది అయిదున్నర వేల కిలోలు పైమాటే. ఒక మనిషి ఒకసారి వాడేది గ్రాములో చిన్న వంతు. దొరికిన సరుకే అంత ఉంటే, దొరకకుండా పోయేది ఎంతో మీరే ఊహించుకోండి.

ఈ మందు చరిత్ర కొంచెం చెప్పాలి, ఎందుకంటే దాన్ని ఎవరికి అమ్ముతారో అందులోనే తెలుస్తుంది. 1893లో జపాన్‌లో నాగాయ్ నాగయోషి అనే రసాయన శాస్త్రవేత్త ఎఫెడ్రిన్ నుంచి దీన్ని మొదట తయారుచేశారు. 1919లో అకిరా ఒగాటా అనే ఇంకో జపాన్ శాస్త్రవేత్త స్ఫటిక రూపంలోకి తెచ్చారు. 1938లో జర్మనీలో 'పెర్విటిన్' అని మాత్రలుగా అమ్మారు. యుద్ధం రాగానే నిద్ర లేకుండా నడవడానికని సైనికులకు పంచారు. జపాన్‌లో 'ఫిలోపోన్' పేరుతో సైనికులూ, రాత్రి షిఫ్టుల కార్మికులూ మింగారు. యుద్ధం ముగిశాక మిగిలిన సరుకు జనంలోకి వచ్చి ఊళ్ళకు ఊళ్ళు దానికి బానిసలైతే, 1951లో చట్టం చేసి అదుపు చేయాల్సి వచ్చింది. థాయ్‌లాండ్‌లో లారీ డ్రైవర్లు, కూలీలు వాడే మెత్ మాత్రను 'గుర్రం మందు' అనేవాళ్ళు. గుర్రంలా పని చేయిస్తుందని. 1996లో అక్కడి ప్రభుత్వం పేరు మార్చి 'పిచ్చి మందు' అని పెట్టింది.

చూశారా, ఇది మొదటినుంచీ సరదా మందు కాదు. నిద్ర చంపుకుని పని చేసేవాడి మందు. రేపు గోదాములో వరుసగా మూడో రాత్రి డ్యూటీ చేస్తున్న మన పిల్లాడి దగ్గరికి ఎవడో వచ్చి 'మత్తు' అని చెప్పి ఇవ్వడు. 'ఇది వేసుకో తమ్ముడూ, నిద్ర రాదు, ఇంకో షిఫ్టు కొట్టొచ్చు' అంటాడు. కోచింగ్ పిల్లకైతే 'రాత్రంతా చదవొచ్చు' అంటాడు. లావుగా ఉన్నాననుకునే అమ్మాయికి 'సన్నబడతావు' అంటాడు. మూడూ కొన్ని రోజులపాటు నిజమే. అక్కడే చిక్కు.

సరే, ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతుంది? మనం ఇష్టమైన కూర తిన్నా, ఆటలో గెలిచినా మెదడులో డోపమైన్ అనే రసాయనం కొంచెం విడుదలవుతుంది. ఇంట్లో గరిశెలో దాచుకున్న గింజల్లాంటిది అది. రోజుకి కొంచెం తీసుకుని వండుకుంటాం. మెత్ వచ్చి గరిశె పగలగొట్టి మొత్తం ఒకేసారి నేల మీద పోసేస్తుంది. ఆ పూట పండగే. మర్నాటికి గరిశె ఖాళీ. అప్పుడు మామూలు తిండీ, మామూలు నవ్వూ ఏవీ రుచించవు. మళ్ళీ అదే కావాలనిపిస్తుంది. దాంతోపాటే నోరెడ్రినలిన్ అనే ఇంకో రసాయనం కూడా పొంగుతుంది. అది పాము కనబడ్డప్పుడు ఒంట్లో పరిగెత్తే రసాయనం. గుండె దడదడలాడుతుంది, కళ్ళు పెద్దవవుతాయి, నోరెండిపోతుంది, చర్మం కింద సన్నటి రక్తనాళాలు ముడుచుకుపోతాయి. పాము కనబడితే అయిదు నిమిషాలు అలా ఉంటాం. మెత్ వేసుకున్నవాడు ఎనిమిది, పది, పన్నెండు గంటలు అలాగే ఉంటాడు. ఆపకుండా వేసుకుంటూ పోతే మూడు నాలుగు రోజులు నిద్రా తిండీ లేకుండా అలాగే ఉంటాడు.

చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుంటాయి అన్నాను. ఆ ముక్క గుర్తుపెట్టుకోండి, మిగతా కథ చాలావరకు దాని మీదే నడుస్తుంది.

మొదటిది వేడి. మన రెంటచింతల ఎండల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, మే నెలలో రాష్ట్రమంతా టీవీల్లో మన మండలం పేరే. అంత ఎండలో మనం బతికి బయటపడుతున్నామంటే చర్మం వల్లే. లోపలి వేడిని రక్తం చర్మం దాకా మోసుకొస్తుంది, చెమట దాన్ని చల్లారుస్తుంది. మెత్ ఒకపక్క లోపల పొయ్యి ఎగదోస్తుంది, ఇంకోపక్క వేడి బయటికి పోయే కిటికీలు మూసేస్తుంది. అలసట తెలియనివ్వదు, దాహం తెలియనివ్వదు. వడదెబ్బకు ఇంతకంటే దగ్గర దారి లేదు. ఒళ్ళు మరీ కాలిపోతే కండరాలు కరిగి ఆ వ్యర్థం మూత్రపిండాలకు అడ్డం పడుతుంది. ఒంటేలు టీ డికాషన్ రంగులో వస్తుంది. అది కనబడితే ఇంట్లో కూర్చునే సమయం కాదు.

రెండోది పుండ్లు. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒక కబురుతో చెబుతాను, గుర్తులు మార్చి చెబుతాను, ఎవరని వెతక్కండి.

కొన్నేళ్ళ కిందట ఒక తండా నుంచి ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. కొంగు ముడిలోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. తెరిస్తే అందులో ఎండిన చెక్కుల పొడి, రెండు దారప్పోగులు, ఇసక రేణువుల్లాంటివి. 'మావాడి ఒంట్లోంచి వచ్చిన పురుగులంట టీచరమ్మా, నువ్వు సైన్సు చదివావు గదా, చూడు' అంది. కొడుకు హైదరాబాద్‌లో రాత్రి డ్యూటీలు చేసేవాడు. ఇంటికొచ్చేసరికి మొహం మీద, చేతుల మీద పుండ్లు. తోలు కింద ఏవో పాకుతున్నాయని రాత్రంతా అద్దం ముందు కూర్చుని గోళ్ళతో, పిన్నీసుతో తవ్వుకుంటున్నాడు. అప్పటికే ఒక ఆర్‌ఎంపీ దగ్గరికి మూడుసార్లు తిరిగారు. ఆయన ఇచ్చింది స్టెరాయిడ్ పూత. అది రాస్తే ఎరుపు తగ్గుతుంది, లోపల చీము ముదురుతుంది. తర్వాత 'గాలి సోకింది' అని చూసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారు. తాయెత్తు కట్టారు. నాలుగు నెలలు అలా గడిచాయి, మేకలమ్మిన డబ్బులు అయిపోయాయి.

నేను అగ్గిపెట్టె పక్కన పెట్టి ఒకటే అడిగాను: 'వాడు నిద్రపోతున్నాడా అమ్మా?' ఆమె అంది: 'వచ్చిన కొత్తలో రెండు రోజులు లేవకుండా పడుకున్నాడు, లేచి కుండెడన్నం తిన్నాడు. తర్వాత ఎవరో స్నేహితుడొచ్చి వెళ్ళాడు. అప్పట్నుంచీ కన్ను మూయలేదు.' రెండు రోజుల మొద్దు నిద్ర, ఆకలి, మళ్ళీ నిద్ర లేకపోవడం – చర్మరోగం ఇలా నడవదు. గుంటూరు జీజీహెచ్‌లో చర్మం డాక్టరుకూ, మానసిక వైద్యుడికీ ఇద్దరికీ చూపించమని పంపాను. కుర్రాడు ఇప్పుడు బాగున్నాడు, పని చేసుకుంటున్నాడు. అంతకు మించి చెప్పను.

ఆ అగ్గిపెట్టె మాత్రం చర్మం డాక్టర్లకు కొత్త కాదు. తోలు కింద పురుగులున్నాయని నమ్మిన మనుషులు అలా పొట్లాల్లో, పెట్టెల్లో సాక్ష్యం తెచ్చి చూపిస్తారని వాళ్ళ పుస్తకాల్లోనే ఉంటుంది. మెత్ వాడేవాళ్ళలో ఈ పాకుడు బాధ బాగా కనిపిస్తుంది. అక్కడ పురుగు ఉండదు. మెదడు పంపే తప్పుడు కబురు అది. కానీ పడేవాడికి అది నిజమైన బాధే. 'లేదురా, నీ భ్రమ' అని నవ్వితే వాడు మీకు చెప్పడం మానేస్తాడు, తవ్వుకోవడం మానడు. అలా తవ్విన చోట గోరు మురికి చేరుతుంది. రక్తనాళాలు ముడుచుకున్నాయి కదా, మానడానికి కావల్సిన రక్తం సరిగా రాదు. తిండి లేదు కాబట్టి కొత్త తోలు కట్టడానికి మాంసకృత్తులు లేవు. నిద్ర లేదు కాబట్టి మరమ్మతు జరిగే వేళే లేదు. మనకైతే వారంలో మానే గీత వాళ్ళకు నెలైనా మానదు. చీము పట్టి చుట్టుపక్కలకు పాకుతుంది, మానినా నల్లటి మచ్చ, గుంట మిగులుతుంది.

ఇప్పుడు హాస్టల్ పిల్లలు జాగ్రత్తగా వినండి. దురద ఉన్న ప్రతివాణ్ణీ అనుమానించకండి. మన హాస్టళ్ళలో దురదకు మొదటి కారణం గజ్జి, దానికి ఏ మత్తూ అక్కర్లేదు, ఒకే దుప్పట్లో ఇద్దరు పడుకుంటే చాలు. గజ్జి వేళ్ళ సందుల్లో, మణికట్టు దగ్గర, నడుం చుట్టూ, చంకల్లో వస్తుంది. రాత్రిళ్ళు ఎక్కువ. పక్క మంచం పిల్లకి కూడా వస్తుంది. గదిలో అందరూ ఒకేరోజు మెడ నుంచి అరికాలి దాకా పెర్మెత్రిన్ రాసుకుని, బట్టలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో వేసి, డాక్టరు చెప్పినట్టు వారానికి మళ్ళీ రాస్తే పోతుంది. మెత్ పుండ్లు అలా కావు. మొహం, ముంజేతులు, చెయ్యి అందే చోట్లలోనే ఉంటాయి. వీపు మధ్యలో చెయ్యి అందదు కాబట్టి అక్కడ తోలు శుభ్రంగా ఉంటుంది. ఒకటి పచ్చిగా, ఒకటి చెక్కు కట్టి, ఒకటి మచ్చగా, రకరకాల వయసుల్లో ఉంటాయి. పక్కవాడికి అంటవు. అలాగే పిడుగురాళ్ళ సున్నం బట్టీల్లో పనిచేసి చేతులు పగిలినవాళ్ళున్నారు, మిరపకాయలు కోసి, ఏరి చేతులు మండినవాళ్ళున్నారు. కష్టం చేసిన తోలుకీ దీనికీ ముడిపెట్టకండి. మన వాళ్ళని చూసి అనుమానపడేవాళ్ళు బయట చాలామంది ఉన్నారు, మనం కూడా మొదలుపెట్టక్కర్లేదు.

గాజు గొట్టంలో కాల్చి పీల్చేవాళ్ళకు పెదవుల మీదా, వేలి కొసల మీదా కాలిన బొబ్బలుంటాయి. సూదితో ఎక్కించుకునేవాళ్ళకు నరాల వెంట గడ్డలు కడతాయి. ఒకరి సూది ఇంకొకరు వాడితే హెచ్‌ఐవీ, కామెర్లు తెచ్చే హెపటైటిస్ సి కూడా వస్తాయి.

పళ్ళ గురించి ఒక అపోహ ఉంది. మందులోని యాసిడ్ పళ్ళను తినేస్తుందని నెట్‌లో రాస్తారు. అసలు సంగతి అంతకంటే మామూలుది. నోట్లో లాలాజలం ఎండిపోతుంది. పళ్ళను కాపాడేది ఉమ్మే. నోరెండిందని రోజంతా కూల్‌డ్రింకులు తాగుతారు. పళ్ళు పటపటా కొరుకుతూనే ఉంటారు. మూడు రోజులు మేలుకున్నవాడికి పళ్ళు తోముకోవాలన్న ధ్యాస ఉండదు. దాంతో చిగురు దగ్గర నల్లబడి, ముందు పళ్ళు ముక్కలుగా విరుగుతాయి. ఇక్కడా ఒక జాగ్రత్త చెప్పాలి. మన పల్నాడులో చాలా ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. మాచర్ల వైపు నుంచి, బొల్లాపల్లి వైపు నుంచి వచ్చే మా పిల్లల్లో పళ్ళ మీద పసుపు, గోధుమ చారలున్నవాళ్ళు ఎంతోమంది. అవి పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చినప్పటినుంచీ ఉంటాయి, ఏడాదిలో వచ్చేవి కావు. పట్నంలో ఎవడైనా మీ పళ్ళు చూసి ఏదైనా అంటే, మా ఊరి నీళ్ళు అలాంటివి అని చెప్పండి, సిగ్గుపడకండి.

బరువు తగ్గడం సంగతి మీకు తెలిసిందే. ఆకలి చస్తుంది. బుగ్గల్లో కొవ్వు కరిగి, కళ్ళు లోపలికి పోయి, ఇరవై రెండేళ్ళవాడు నలభై ఏళ్ళవాడిలా కనిపిస్తాడు. కానీ బరువు తగ్గుతూ, దగ్గుతూ, రాత్రిళ్ళు చెమటలు పడుతుంటే ముందు చేయించాల్సింది కళ్ళె పరీక్ష. మన కాలనీల్లో క్షయ ఇంకా పోలేదు.

ఫోన్లలో మీరు చూసే ఉంటారు, 'మెత్‌కు ముందు, మెత్‌కు తర్వాత' అని జంట ఫొటోలు. అవి అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో ఒక షెరీఫ్ కార్యాలయం వాళ్ళు 2004లో మొదలుపెట్టినవి. జైలుకొచ్చిన మనుషుల పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టారు. పిల్లల్ని భయపెట్టడానికి పనికొస్తాయని ప్రపంచమంతా వాడుకున్నారు. నాకు అవి అంత నచ్చవు. ఆ ఫొటోలు చూసినవాడు ఏం నేర్చుకుంటాడు? అద్దంలో తన మొహం చూసుకుని, 'నాకేం కాలేదుగా' అనుకుంటాడు. మెత్ వాడే చాలామందికి మొదటి నెలల్లో మొహం మీద ఏమీ కనిపించదు. అమ్మాయిలైతే సన్నబడ్డావని మెచ్చుకోళ్ళు కూడా వింటారు. తోలు చెడేలోపే లోపల పని మొదలవుతుంది. ఇంకో సంగతి, ఆ ఫొటోల్లో ఉన్నవాళ్ళని చూసి జనం నవ్వుతారు. నవ్వించుకున్నవాడు డాక్టరు దగ్గరికి రాడు, తలుపేసుకుంటాడు.

లోపలి పని అంటే ముఖ్యంగా గుండె. రక్తపోటు పెరిగి పెరిగి గుండె కండరం సాగిపోయి బలహీనపడుతుంది. మెట్లెక్కితే ఆయాసం, పాదాల వాపు వస్తాయి. లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోవచ్చు కూడా, మొదటిసారి వాడినవాడికైనా సరే. మెదడులో నరం చిట్లి పక్షవాతం వస్తుంది, పాతికేళ్ళ వయసులోనే. మనసు సంగతి ఇందాక అగ్గిపెట్టె కథలో విన్నారు. దానికి తోడు ఎవరో వెంటాడుతున్నారని, గోడ వెనక మాట్లాడుకుంటున్నారని అనుమానాలు. కడుపుతో ఉన్నవాళ్ళు వాడితే బిడ్డ నెలలు నిండకుండా, బరువు తక్కువగా పుట్టే ప్రమాదం ఎక్కువ.

ఇంత తెలిసీ మనవాళ్ళు ఆసుపత్రికి ఎందుకు వెళ్ళరు? పోలీసులకి పట్టిస్తారని భయం. ఆ భయం ఊరికే రాలేదు. మనలో ఎరుకల వాళ్ళ తాతలు పుట్టుకతోనే నేరస్తులని బ్రిటిషు చట్టం రాసింది. స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్ళకు గానీ, 1952లో గానీ ఆ చట్టం పోలేదు. చట్టం పోయినా చూపు పోయిందా అంటే పెద్దలందరికీ తెలుసు. అందుకే చట్టంలో ఉన్నది ఉన్నట్టు తెలుసుకోండి. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షన్ ఉంది. మందు వాడిన కేసులో గానీ, చిన్న మోతాదు దొరికిన కేసులో గానీ ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరి, అది పూర్తి చేస్తే ఆ కేసులో విచారణ నుంచి రక్షణ ఉంటుంది. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

అదే చట్టానికి రెండో వైపు కూడా ఉంది. మెత్‌కు చిన్న మోతాదు అంటే 2 గ్రాములు. 50 గ్రాములు చేరితే వాణిజ్య మోతాదు. గంజాయికి ఆ లెక్క 20 కిలోలు. అంటే మూటెడు గంజాయికి పడే కేసు ఇక్కడ గుప్పెడు పలుకులకే పడుతుంది. శిక్ష పదేళ్ళ నుంచి ఇరవై ఏళ్ళు, లక్ష నుంచి రెండు లక్షల జరిమానా, బెయిలు దొరకడం మహా కష్టం. 'ఈ కవరు ఫలానా చోట ఇచ్చిరా, రెండు వేలిస్తా' అని అడిగేవాడు, ఆ కవరు తన కొడుకు చేత పంపడు. విశాఖ మన్యంలో గంజాయి మోసి జైళ్ళలో మగ్గుతున్న గిరిజన పిల్లల్ని చూడండి, సరుకు ఎవరిదో, శిక్ష ఎవరికో తెలుస్తుంది. డెలివరీ పని చేసే అబ్బాయిలు ఈ మాట రెండుసార్లు వినండి.

ఇక చికిత్స. సారా మానిపించడానికి మాత్రలున్నట్టు మెత్ మానిపించడానికంటూ ఇప్పటికి ప్రత్యేకమైన మాత్ర లేదు. ఎవరైనా పొడి, కషాయం ఇస్తామని డబ్బు అడిగితే ఇవ్వకండి. పనిచేసేది కౌన్సెలింగ్, మనిషి పక్కన మనిషి ఉండటం, మళ్ళీ మళ్ళీ వెళ్ళడం. ఆపిన మొదటి వారం ఎలా ఉంటుందో ఇంట్లోవాళ్ళకు తెలియాలి. పగలూ రాత్రీ నిద్ర, విపరీతమైన ఆకలి, చిరాకు. పెద్దలు 'సోమరిపోతయ్యాడు' అని లేపి కొట్టకండి. పడుకోనివ్వండి, లేచినప్పుడల్లా గుడ్డు, పప్పు, మజ్జిగ పెట్టండి. భయపడాల్సింది దిగులు గురించి. గరిశె ఖాళీ అయిందని చెప్పాను కదా, బతుకు మీద ఆశ లేనట్టు మాట్లాడతారు. ఆ రోజుల్లో ఒంటరిగా వదలకండి. 14416కి చేస్తే టెలీ మానస్ వాళ్ళు తెలుగులో మాట్లాడతారు. వ్యసనం మాన్పించడానికి దేశం మొత్తానికి 14446 ఉంది. మన రాష్ట్రంలో 2024 నవంబరులో పెట్టిన ఈగల్ విభాగం నంబరు 1972, అమ్మేవాళ్ళ గురించి చెప్పాలంటే దానికి చేయండి. ఛాతీ నొప్పి, మూర్ఛ, ఒళ్ళు కాలిపోవడం, మాట తడబడటం కనిపిస్తే ఏ నంబరూ వెతక్కుండా 108. బండి వచ్చేలోపు నీడలోకి లాగి, తడిబట్టతో తుడుస్తూ, విసురుతూ ఉండండి. ఏం వేసుకున్నాడో డాక్టరుకు దాచకుండా చెప్పండి.

పుండ్లకు మాత్రం గోళ్ళు పొట్టిగా కత్తిరించడం, సబ్బునీళ్ళతో కడగడం, గుడ్డ కట్టి కప్పడం ఇంట్లో చేయొచ్చు. చీము, జ్వరం ఉంటే గురజాల ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మందుల షాపులో ట్యూబు పేరు చెప్పి కొనకండి.

ముందుగా రాసిచ్చిన చీటీల్లో ఒక ప్రశ్న ఉంది, పేరు రాయలేదు, అడిగినవాళ్ళకు నా మెచ్చుకోలు: 'మానేస్తే మచ్చలు పోతాయా మేడం?' కొన్ని పోతాయి. పచ్చి పుండ్లు తిండి, నిద్ర పడితే వారాల్లోనే మానడం మొదలవుతుంది. నల్లమచ్చలు నెలల మీద పలచబడతాయి, ఎండ తగలకుండా చూసుకుంటే ఇంకా త్వరగా. లోతుగా తవ్విన గుంటలు ఉండిపోతాయి. విరిగిన పన్ను మళ్ళీ రాదు, కట్టించుకోవాలి. బరువు తిరిగి వస్తుంది. గుండె బలహీనత ముదరకముందు ఆపితే చాలామందిలో మెరుగవుతుంది. మెదడు సంగతి కూడా పరీక్షించి చూశారు. ఏడాదికి పైగా ముట్టనివాళ్ళలో డోపమైన్‌కి సంబంధించిన దెబ్బ కొంతవరకు పూడుకుంది, అన్ని పనులూ పూర్తిగా వెనక్కి రాలేదు. ఏడాది అంటే ఒక మిరప పంట వేసి, కోసి, అమ్మి, మళ్ళీ నారు పోసేంత కాలం. అంత ఓపిక ఇంట్లోవాళ్ళకూ ఉండాలి.

మిగతా చీటీలు భోజనాలయ్యాక చూస్తాను. పేరు చెప్పి అందరి ముందు అడగలేనివాళ్ళు హాస్టల్‌కి రండి, సాయంత్రం స్టడీ అవర్ అయ్యేదాకా నేను అక్కడే ఉంటాను.